లైను చివర కనిపించని 13

రాయచూరు



నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. మిల్లుల నుంచి వచ్చే ధాన్యం లోడ్ల లెక్కని రాత్రిపూట సర్వర్‌లోకి ఎక్కించే స్క్రిప్టు మొదటి లైనులోనే ఆగిపోయింది. "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంది. ఆఫీసులో ఎవరో డాస్‌టుయూనిక్స్ కొట్టమన్నారు, కొట్టావు, నడిచింది. వారం తిరక్కుండా, కొత్తగా పుల్ చేశాక, అదే స్క్రిప్టు అదే మాట అంటూ మళ్ళీ పడింది. "పోయింది మళ్ళీ ఎలా వచ్చిందక్కా?" అన్నావు. ఆ ప్రశ్న వేసినందుకు నాకు చాలా సంతోషం వేసింది. చాలామంది వెయ్యరు. పడ్డప్పుడల్లా ఆ కమాండు కొట్టుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. ఫోనులో చెబితే సగమే బుర్రకెక్కుతుందని ఉత్తరం రాస్తున్నాను. కమాండ్లు నోటితో చెప్పినట్టే రాస్తాను, నువ్వు టైపు చేసుకో.

జవాబు ముందే చెబుతా. నువ్వు బాగుచేసింది సర్వర్ మీదున్న కాపీని. రిపోలో ఉన్న ఫైలు అలాగే ఉంది. పుల్ చేయబోతే గిట్ "ఇక్కడ నీ మార్పులున్నాయి, పోతాయి" అని అడ్డుపడి ఉంటుంది. నువ్వు వాటిని వదిలేసి ముందుకెళ్ళి ఉంటావు. పాతదే మళ్ళీ దిగింది. ఫైల్లో లైను ఎలా ముగియాలన్నది ఎవరి మిషను మీద వాళ్ళు తేల్చుకునే సంగతి కాదు తమ్ముడూ. అది రిపోలోనే రాసి పెట్టాల్సిన సంగతి. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు ఆ ఎర్రర్‌ని సరిగ్గా చదువుదాం. దొరకలేదన్నది నీ స్క్రిప్టు గురించి కాదు. ఫైలు మొదట్లో హ్యాషూ ఆశ్చర్యార్థకమూ కనిపిస్తే, వాటి తర్వాత ఖాళీ గానీ లైను చివర గానీ వచ్చేదాకా ఉన్నదాన్ని కెర్నెల్ ఒక ప్రోగ్రాం దారిగా తీసుకుంటుంది. లైను చివర అంటే దానికి ఒక్కటే గుర్తు, 10వ నంబరు బైటు, లైన్ ఫీడ్. నీ ఫైల్లో ఆ 10కి ముందు 13వ నంబరు బైటు ఉంది. అదే క్యారేజ్ రిటర్న్. కాబట్టి కెర్నెల్ వెతికింది స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ కోసం కాదు, ఆ పేరు చివర 13 అంటుకున్న మరో ఫైలు కోసం. అలాంటి ఫైలు ఏ మిషనులోనూ ఉండదు. స్క్రీన్‌షాట్‌లో బ్యాష్ అన్న మాట పక్కనే టోపీ గుర్తూ ఎం అక్షరమూ పడ్డాయి చూడు, అది ఈ బైటే. ఇంగ్లీషు అక్షరమాలలో ఎం 13వది, అందుకే కంట్రోల్ ఎం.

ఈ జబ్బు ప్రతిచోటా ఒకేలా కనబడదు. స్క్రిప్టు మొదటి లైను ఎన్వ్ ద్వారా బ్యాష్‌ని పిలిచేదైతే, బ్యాష్ పక్కన వెనక్కి వాలిన గీతా ఆర్ అక్షరమూ చూపించి అలాంటి ప్రోగ్రాం లేదంటుంది. డాకర్ కంటైనర్‌లో ఎంట్రీపాయింట్ స్క్రిప్టుకి ఇది పట్టిందంటే మరీ తికమక. టోపీ లేదు, ఎం లేదు, ఉత్త "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని ఊరుకుంటుంది. లోపలికెళ్ళి చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. ఎస్‌హెచ్ అని ముందు పెట్టి స్క్రిప్టుని నేరుగా నడిపితే మొదటి లైను కామెంటు కిందే పోతుంది కాబట్టి కాస్త ముందుకు సాగుతుంది. ఆ తర్వాత సెట్ దగ్గర "ఇల్లీగల్ ఆప్షన్" అనో, ఫైలు చివరికొచ్చి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్" అనో కూలబడుతుంది. ఇఫ్‌కీ ఫైకీ జత కుదిరిందా అని గంటలకొద్దీ లెక్కపెట్టేవాళ్ళని చూశాను. జత కుదిరే ఉంటుంది. షెల్‌కి కనబడింది ఫై కాదు, ఫై పక్కన 13 అంటుకున్న మరో మాట.

ఈ 13, 10 గొడవ ఎక్కడిదంటే, టెలిప్రింటర్ల కాలానిది. టెలిటైప్ మోడల్ 33 అని 1963లో వచ్చిన మిషను సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. 13 వస్తే అచ్చు వేసే భాగం ఎడమ అంచుకి పోవాలి, 10 వస్తే కాగితం ఒక లైను పైకి జరగాలి. ఎడమ అంచుకి పోవడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలదు. అందుకే ముందు 13, తర్వాత 10 పంపేవాళ్ళు. కాగితం జరిగేలోపు అదీ అంచుకి చేరుకునేది. మల్టిక్స్, దాన్ని చూసి యూనిక్స్, ఫైల్లో ఒక్క 10 చాలు, మిషనుకి 13 కావాలంటే డ్రైవరు చేర్చుకుంటుందిలే అనుకున్నాయి. సీపీఎం మాత్రం రెండూ ఉంచింది. 1981లో వచ్చిన డాస్ అదే దారి పట్టింది, విండోస్‌కీ అదే సంక్రమించింది. పాత మ్యాకింటోష్‌లు ఓఎస్ 9 దాకా ఒక్క 13తోనే సరిపెట్టాయి. ఇందులో తప్పు చేసినవాళ్ళంటూ ఎవరూ లేరు. ఈమెయిలు, హెచ్‌టీటీపీ 1.1 హెడర్లు ఇవాళ్టికీ 13, 10 రెండూ కావాలంటాయి. కాబట్టి 13ని చెత్త అనుకోకు. దాని చోటు వేరు, అంతే.

ఎర్రర్ ఇచ్చి పడిపోయే స్క్రిప్టు గురించి నాకంత దిగులు లేదు. పడింది కాబట్టి పొద్దున్నే నీకు తెలిసింది. పడకుండా, చప్పుడు చెయ్యకుండా, తప్పు లెక్క రాసే స్క్రిప్టే అసలు ప్రమాదం. దీని గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే మీ పని మొత్తం రైతుల డబ్బుతో ముడిపడి ఉంది.

సింధనూరు, మాన్వి వైపు కాటాల దగ్గర ఎలా ఉంటుందో నీకు నాకంటే బాగా తెలుసు. తుంగభద్ర ఎడమ కాలువ కింద మన కోస్తావాళ్ళు వచ్చి వేసుకున్న క్యాంపుల మధ్యలో మిల్లు, మిల్లు గేటు పక్కన కాటా, కాటా గదిలో ఒక విండోస్ కంప్యూటర్. లారీ కాటా ఎక్కితే బరువు నమోదవుతుంది, సాయంత్రానికి ఆ రోజు లోడ్లన్నీ ఒక సీఎస్‌వీ ఫైలుగా బయటికొస్తాయి. కేఏ 36తో మొదలయ్యే లారీ నంబరు, ఊరు, బస్తాలు, నికర బరువు, చివరి గడిలో స్టేటస్. విండోస్ రాసిన ఫైలు కాబట్టి ప్రతి లైనూ 13, 10తో ముగుస్తుంది. లైనక్స్ మీద నీ స్క్రిప్టు రీడ్ కమాండుతో లైను లైనూ చదువుతుంది. అది 10 దగ్గర ఆపుతుంది, 10ని తీసేస్తుంది. 13 మాత్రం చివరి గడికి అంటుకుని లోపలికి వచ్చేస్తుంది.

ఇప్పుడు ఆ చివరి గడి స్టేటస్ అయితే ఏమవుతుందో చూడు. తేమ ఎక్కువుందనో నాణ్యత మీద తగాదా ఉందనో ఒక లోడుని మిల్లువాళ్ళు "హోల్డ్" అని ఆపుతారు. స్క్రిప్టులో ఏం రాసి ఉంటుంది? స్టేటస్ హోల్డ్‌కి సమానం కాకపోతే బిల్లు వెయ్యి, అని. కానీ వచ్చిన స్టేటస్ హోల్డ్ కాదు, హోల్డ్ పక్కన 13. రెండూ సమానం కావు. ఆపిన లోడుకీ బిల్లు పడిపోతుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, లాగులో అంతా సవ్యంగానే ఉంటుంది. నేను చూసిన ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది. పట్టుకున్నది కంప్యూటరువాళ్ళు కాదు, చేత్తో పద్దు రాసుకునే గుమాస్తా. ఆయన పుస్తకానికీ కంప్యూటరు బిల్లులకీ పొంతన కుదరలేదు. కంప్యూటరువాళ్ళు రెండు రోజులు ఆ షరతు వైపే చూశారు. షరతు కళ్ళకి సరిగ్గానే ఉంది మరి.

చివరి గడిలో బస్తాల సంఖ్య ఉంటే నయం. దాన్ని 75 కిలోలతో హెచ్చవేయబోతే బ్యాష్ లెక్కలోనే గొంతెత్తి అరుస్తుంది. చివర ఉన్నది మిల్లు కోడు అయి, దాని పేరుతో ఫోల్డరు తయారుచేస్తుంటే మాత్రం, ఒకే పేరున్న రెండు ఫోల్డర్లు కనబడతాయి. ఒకదాని పేరు చివర 13 ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఈమధ్య వచ్చే ఎల్‌ఎస్ అలాంటి పేరుని కొటేషన్లలో పెట్టి 13ని బయటికి చూపిస్తుంది. పాత సర్వర్లలో దాని బదులు ఉత్త ప్రశ్న గుర్తు పడి మనిషికి పిచ్చెక్కుతుంది. లాగు కూడా మోసం చేస్తుంది. మిల్లు పేరు తర్వాత "లోడు చేరింది" అని రాయమంటే, 13 రాగానే టెర్మినల్ లైను మొదటికి పోయి, పేరు మీదే మిగతా మాట రాసేస్తుంది. ఎర్రర్ ఒకటి ఉత్త కోలన్‌తో మొదలై, ముందుండాల్సిన పేరు మాయమైతే, మొదటి అనుమానం దీనిమీదే పెట్టుకో.

డాట్ ఎన్వ్ ఫైలు మరో గుంట. డేటాబేస్ పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, కాపీ చేసి చేత్తో కొడితే లోపలికి పోతుంది, స్క్రిప్టు నుంచి మాత్రం పోదు. పాస్‌వర్డ్ చివర 13 ఉందన్నమాట.

ఇక కనిపెట్టడం. కంటితో వెతకొద్దు, దొరకదు. ఫైల్ అని కొట్టి స్క్రిప్టు పేరివ్వు. "విత్ సీఆర్‌ఎల్‌ఎఫ్ లైన్ టెర్మినేటర్స్" అని వస్తే ఉన్నట్టే. సీఆర్ అంటే 13, ఎల్‌ఎఫ్ అంటే 10. క్యాట్‌కి మైనస్ పెద్ద ఏ ఇస్తే ప్రతి లైను చివరా టోపీ ఎం, డాలరు గుర్తు కనబడతాయి. అన్నిటికంటే నాకు నమ్మకం ఓడీ మైనస్ సీ మీద. ఒక్కో బైటునీ విడదీసి పెడుతుంది, దాచడానికి చోటుండదు. షెల్‌చెక్ పెట్టుకున్నావంటే అదే పట్టిస్తుంది, దాని హెచ్చరిక నంబరు ఎస్‌సీ 1017. పెట్టుకోలేదంటే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ పని చెయ్.

రిపో మొత్తానికి మాత్రం వీటన్నిటినీ మించినది ఇంకోటుంది. గిట్ ఎల్‌ఎస్ హైఫన్ ఫైల్స్, దానికి రెండు మైనస్‌లతో ఈఓఎల్. ప్రతి ఫైలుకీ ఒక లైను వస్తుంది. ఐ అని ఉన్నది గిట్ లోపల దాచిన రూపం, డబ్ల్యూ అని ఉన్నది నీ ఫోల్డర్లో కనబడే రూపం, ఏటీటీఆర్ అన్నది దానికి వర్తించే నియమం. నీ ప్రశ్నకి జవాబు ఆ మొదటి గడిలోనే దొరుకుతుంది. ఐ పక్కన సీఆర్‌ఎల్‌ఎఫ్ ఉంటే జబ్బు రిపోలోనే ఉందని. అక్కడ ఎల్‌ఎఫ్ ఉండి డబ్ల్యూ పక్కన సీఆర్‌ఎల్‌ఎఫ్ ఉంటే ఆ ఒక్క మిషనులోనే మారిందని. మిక్స్‌డ్ అని వస్తే ఇద్దరు మనుషులు రెండు ఎడిటర్లతో ఒకే ఫైలుని దిద్దారని.

ఎందుకిలా అవుతుందంటే, గిట్‌కి ఒక సెట్టింగు ఉంది, కోర్ డాట్ ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్. ట్రూ అని పెడితే ఫైలు బయటికి తీసేటప్పుడు 13 చేర్చి, కమిట్ చేసేటప్పుడు తీసేస్తుంది. ఇన్‌పుట్ అంటే కమిట్‌లో తీసేస్తుంది, బయటికి తీసేటప్పుడు ఏమీ చెయ్యదు. ఫాల్స్ అంటే దేన్నీ ముట్టుకోదు. విండోస్‌లో గిట్ ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలరు దీన్ని అడుగుతుంది. అందరూ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే ట్రూ పడుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో ట్రూ ఉండి, రిపోలో ఫైలు శుభ్రంగా ఉన్నా, నువ్వు ఆ ఫోల్డర్లోంచి స్క్రిప్టుని నేరుగా సర్వర్‌కి కాపీ చేస్తే 13లతో సహా పోతుంది. పక్కనున్నాయన ఫాల్స్ పెట్టుకుని, ఎడిటర్లో సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో కొత్త స్క్రిప్టు రాసి కమిట్ చేస్తే, అది రిపోలోకే వెళ్ళి కూర్చుంటుంది, లైనక్స్ సర్వర్‌కి అలాగే దిగుతుంది.

"అందరూ ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ఇన్‌పుట్ పెట్టుకోండి" అని గ్రూపులో మెసేజ్ పెట్టేవాళ్ళుంటారు. ఆ సలహా నాకు బొత్తిగా నచ్చదు. కొత్తగా చేరినవాళ్ళు ఆ మెసేజ్ చూడరు. పాతవాళ్ళు ల్యాప్‌టాప్ మార్చినప్పుడు మర్చిపోతారు. బిల్డ్ సర్వర్‌కి వాట్సాప్ లేదు. నియమం ఫైళ్ళతోపాటే ప్రయాణం చెయ్యాలి. 1871లో మన రాయచూరు దగ్గరే బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే లైనూ, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే లైనూ కలిశాయి. రెండూ వేర్వేరు కంపెనీలే అయినా పట్టాల మధ్య దూరం రెండింటికీ 5 అడుగుల 6 అంగుళాలే కాబట్టి బండి ఆగకుండా సాగిపోయింది. గుంతకల్లులో మీటర్ గేజికి మారే సరుకునేమో దించి ఎక్కించుకోవాల్సి వచ్చేది. మీ ఆఫీసులో విండోస్‌వాళ్ళకీ లైనక్స్‌కీ మధ్య ఇప్పుడు జరుగుతున్నది ఆ దించి ఎక్కించే పనే.

గిట్‌లో ఆ కొలత రాసుకునే ఫైలు పేరు డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్. రిపో మొదటి ఫోల్డర్లో పెట్టు. మొదటి లైను: స్టార్, ఖాళీ, టెక్స్ట్ ఈక్వల్‌టు ఆటో. అంటే, చూడటానికి టెక్స్ట్‌లా ఉన్న ప్రతిదాన్నీ లోపల ఒక్క 10తోనే దాచు, అని. రెండో లైను: స్టార్ డాట్ ఎస్‌హెచ్, ఖాళీ, టెక్స్ట్, ఖాళీ, ఈఓఎల్ ఈక్వల్‌టు ఎల్‌ఎఫ్. అంటే, షెల్ స్క్రిప్టుని విండోస్‌లో బయటికి తీసినా సరే 13 చేర్చొద్దు, అని. నియమాల్లో కిందిది పైదాన్ని తోసిరాజంటుంది, కాబట్టి వరస ముఖ్యం. ఈ ఫైలు ఉన్నచోట ఎవరి ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ఏమై ఉన్నా దీని మాటే చెల్లుతుంది.

బ్యాట్ ఫైళ్ళకి మాత్రం ఈఓఎల్ ఈక్వల్‌టు సీఆర్‌ఎల్‌ఎఫ్ అని రాయి. కాటా గదుల్లో నడిచే బ్యాచ్ ఫైళ్ళు మీ రిపోలోనే ఉన్నాయన్నావు కదా. ఉత్త 10తో ముగిస్తే వాటిలో గోటు, లేబుళ్ళు కొన్నిసార్లు గురి తప్పుతాయి. నీకు 13 మీద కోపం వచ్చి అన్నిట్లోంచీ పీకేస్తే రేపు మిల్లువాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. లారీ ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉంటే వాటికి బైనరీ అని రాయి. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. పేరు చివర డాట్ ఎస్‌హెచ్ లేని స్క్రిప్టులు ఉంటాయి. గ్రాడిల్‌డబ్ల్యూ లాంటివి, గిట్ హుక్‌ల కోసం ఫోల్డర్లో దాచుకున్నవి, మీ డాట్ ఎన్వ్ నమూనా ఫైలు. వాటిని పేరు పెట్టి ఒక్కొక్కటిగా రాయాలి.

ఈ ఫైలు పెట్టగానే అంతా బాగైపోతుందనుకోకు. రిపోలో ఇప్పటికే 13తో ఉన్న ఫైళ్ళని అది తనంతట తాను కడగదు. ఈఓఎల్ ఎల్‌ఎఫ్ అంటే బయటికి తీసేటప్పుడు చేర్చకు అనే గానీ, లోపలున్నదాన్ని తీసెయ్ అని కాదు. అందుకు గిట్ యాడ్, రెండు మైనస్‌లతో రీనార్మలైజ్, ఖాళీ, చుక్క. ఇది గిట్ 2.16 నుంచీ ఉంది. ఆ తర్వాత స్టేటస్ చూస్తే మారిన ఫైళ్ళన్నీ వరసగా నిలబడతాయి. డిఫ్‌కి రెండు మైనస్‌లతో స్టేజ్డ్, మళ్ళీ రెండు మైనస్‌లతో, మాటల మధ్య హైఫన్లతో ఇగ్నోర్ సీఆర్ ఎట్ ఈఓఎల్ పెట్టి చూడు. ఏమీ కనబడకపోతే 13లు తప్ప మరేమీ మారలేదని నమ్మకం కుదురుతుంది.

దీన్ని విడిగా ఒక్క కమిట్‌గానే వెయ్యి. ఇందులో ఒక్క లాజిక్ మార్పు కూడా కలపొద్దు, వేరియబుల్ పేరు దిద్దడం కూడా వద్దు. ప్రతి లైనూ మారినట్టే కనబడే డిఫ్‌లో ఎవరి కళ్ళూ నిలవవు. దాని మాటున దూరిన తప్పుని ఎవరూ పట్టుకోలేరు. ముందురోజే అందరికీ చెప్పి, తెరిచి ఉన్న బ్రాంచీలన్నీ కలిపేశాక చెయ్యి, లేకపోతే కలిపేటప్పుడు ప్రతి ఫైలూ గొడవ పెడుతుంది. ఆ కమిట్ నంబరుని డాట్ గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ అన్న ఫైల్లో రాసి, గిట్‌కి ఆ ఫైలు సంగతి కాన్ఫిగ్‌లో చెప్పు. లేకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరు బ్లేమ్ తీసినా ప్రతి లైనూ నువ్వే రాసినట్టు చూపిస్తుంది, అసలు రాసినవాళ్ళెవరో తెలియదు. అయ్యాక అందరినీ చేతిలో పని కమిట్ చేసుకుని కొత్తగా క్లోన్ చేసుకోమను. ఉన్న ఫోల్డర్లో పాత రూపాలు అలాగే మిగిలిపోతాయి, అందుకని. ఇది చేశాక "పర్మిషన్ డినైడ్" అని వస్తే అది 13 పని కాదు, నడిపే అనుమతి లేకపోవడం. విండోస్‌లో పుట్టిన స్క్రిప్టులకి అది తరచూ ఉంటుంది. గిట్ అప్‌డేట్ ఇండెక్స్, సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్‌తో దాన్నీ రిపోలోనే సరిచెయ్యి.

ఇక కాటా ఫైళ్ళ సంగతి. గిట్‌యాట్రిబ్యూట్స్ కాపాడేది గిట్‌లోంచి వచ్చే ఫైళ్ళని మాత్రమే. రోజూ మిల్లుల నుంచి వచ్చే సీఎస్‌వీలు గిట్ గడప తొక్కవు. అవి ఎప్పటికీ 13తోనే వస్తాయి, రావాలి కూడా, ఎందుకంటే అవి విండోస్‌వి. కాబట్టి చదివే చోటే తీసెయ్యాలి. రీడ్ అయిన వెంటనే లైను వేరియబుల్‌లోంచి చివరి 13ని కొయ్యి. బ్యాష్‌లో డాలరు, ఆపై ఫ్లవర్ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు, శాతం గుర్తు, డాలరు, ఒంటి కొటేషన్లలో వెనక్కి వాలిన గీతా ఆర్. చివర 13 ఉంటే పోతుంది, లేకపోతే ఏమీ కాదు. ఆ ఒక్క లైనూ ఉంటే హోల్డ్ లోడుకి బిల్లు పడదు. ఫైలు మొత్తానికి చెయ్యాలంటే సెడ్‌తో లైను చివరి 13ని తీసెయ్. ట్రాన్స్‌లేట్ కమాండు, టీఆర్ మైనస్ డీ, ఎక్కడున్నా అన్ని 13లనీ పీకేస్తుంది. సీఎస్‌వీకి ఫరవాలేదు గానీ, ఫొటో మీదో జిప్ మీదో కొట్టావంటే ఆ ఫైలు ఇక తెరుచుకోదు. చదివే ఫైలులోకే ఫలితాన్ని మళ్ళించకు, ఖాళీ అయిపోతుంది.

మన వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. మీ జాబితాల్లో ఊళ్ళ పేర్లు కన్నడంలో, తెలుగులో ఉంటాయి. వాటిని ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్ 8గా దాచితే లైను చివర 13 చేరడమే కాదు, ఫైలు మొట్టమొదట బీఓఎం అని మూడు బైట్లు కూడా చేరతాయి. మొదటి లైను మొదటి గడికి అవి అంటుకుంటాయి, చివరి గడికి 13. మొదటి లైనులో శీర్షికలుంటే బయటపడదు, దాన్ని దాటేస్తావు కాబట్టి. శీర్షికలు లేని ఫైలు వస్తే మొదటి మిల్లు ఒక్కటే "దొరకలేదు" అంటుంది. స్క్రిప్టునే అలా దాచితే ఇంకా ఘోరం. హ్యాష్‌కి ముందు ఆ మూడు బైట్లు వచ్చి, మొదటి లైనుని కెర్నెల్ గుర్తుపట్టనే పట్టదు. ఓడీలో 357, 273, 277 అని కనబడితే అవే.

ఆఫీసులో దీని మీద మాట్లాడేటప్పుడు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. విండోస్ వాడేవాళ్ళని తప్పుపట్టకు. కాటా సాఫ్ట్‌వేర్ అక్కడే నడుస్తుంది, ఆ మనుషులు ఏళ్ళ తరబడి ఆ మిల్లులని మోశారు. విండోస్ నోట్‌ప్యాడ్ 2018 దాకా ఉత్త 10తో ముగిసిన ఫైలుని ఒకే పొడుగాటి లైనుగా చూపించేది. "లైనక్స్ ఫైలు పాడైపోయింది" అని వాళ్ళు భయపడి సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా దాచుకోవడం అప్పుడు పడిన అలవాటు, అందులో న్యాయం ఉంది. ఇప్పుడు నోట్‌ప్యాడ్ రెండింటినీ చదువుతుంది, ఆ భయం అక్కర్లేదని చూపించు. వీఎస్ కోడ్ వాడేవాళ్ళకి కింద కుడిమూల సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉండే చోటు వేలు పెట్టి చూపించు, అక్కడ నొక్కితే మారుతుందని. రిపోలో డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్ పెట్టి, ఎండ్ ఆఫ్ లైన్ ఈక్వల్‌టు ఎల్‌ఎఫ్ అని స్క్రిప్టుల వరకు రాస్తే ఎడిటరే చూసుకుంటుంది. రాయచూరు ఐఐఐటీ 2019లో మొదలయ్యాక అక్కడి నుంచి వచ్చే పిల్లలు లైనక్స్‌లోనే చెయ్యి తిరిగి వస్తున్నారు. వాళ్ళు ఒకవైపు, కాటా గది మనుషులు ఒకవైపు నిలబడి మాటలు అనుకోకుండా, మధ్యలో ఆ రెండు చిన్న ఫైళ్ళు నిలబెట్టు.

కాపలాకి ఒకటి పెట్టుకో. పుష్ అయినప్పుడల్లా నడిచే తనిఖీలో ఆ ఎల్‌ఎస్ ఫైల్స్ ఈఓఎల్ కొట్టించి, స్క్రిప్టుల్లో ఐ పక్కన సీఆర్‌ఎల్‌ఎఫ్ గానీ మిక్స్‌డ్ గానీ కనబడితే బిల్డ్ ఆపించు. ఎర్రర్ మాటలో ఏం చెయ్యాలో కూడా రాయించు, చదివినవాళ్ళు నీ దగ్గరికి పరిగెత్తుకు రాకుండా వాళ్ళే సరిచేసుకునేట్టు.

బిల్లుల సంగతి మాత్రం నువ్వు ఆలస్యం చెయ్యొద్దు. స్టేటస్‌ని చివరి గడిలో పెట్టిన మిల్లులు ఎన్నున్నాయో చూడు. ఈ సీజన్‌లో హోల్డ్ అని వచ్చిన లోడ్లన్నీ తీసి, వాటికి బిల్లు పడిందా అని మిల్లు పద్దుతో కలిపి చూడు. పడి ఉంటే స్క్రిప్టు దిద్దడం కంటే ముందు మీ యజమానికి చెప్పు, ఎవరికి ఎంత పోయిందో జాబితాతో సహా. ఆ తర్వాత రిపో ఈఓఎల్ అవుట్‌పుట్‌నీ, ఒక కాటా ఫైలు మొదటి రెండు లైన్లకి ఓడీ మైనస్ సీ ఏమందో దాన్నీ నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను, ఇద్దరం కూర్చుని గిట్‌యాట్రిబ్యూట్స్ రాద్దాం. బ్యాట్ ఫైళ్ళ పేర్లన్నీ దగ్గర పెట్టుకో.

నీ అక్క